‘ఇదిగో, ఇక్కడ’ అంటే ఎక్కడ?

(సామాజిక రేడియో కార్యకర్తలు, చిత్రకళా విద్యార్థులు కలిసి కూర్చున్న శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత రేడియో ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంతమంది ముఖాలు చూస్తూ మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అద్దానికి అవతల కూర్చున్న ఇంజనీరును చూస్తూ మాట్లాడాను. ఆయన కూడా సగం రోజులు నావైపు చూసేవాడు కాదు, ధ్వని కొలిచే మీటరు సూది ఎక్కడుందో చూసేవాడు. అందుకని ఎక్కడైనా తడబడితే ఏమీ అనుకోకండి.

రేడియోలో చేరిన కొత్తలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్లి ముఖాముఖి రికార్డు చేసుకుని రమ్మన్నారు. ఇల్లంతా బొమ్మలే. భుజానికి టేప్ రికార్డర్ తగిలించుకుని ఆయన వెనకే గది గదికీ తిరిగాను. ఆయనా ఉత్సాహంగా చెప్పుకుపోయారు. “ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ ముసలమ్మ మోచెయ్యి. ఇక్కడ కాస్త నీలం తగిలించాను. అదుగో, ఆ మూల ఖాళీగా వదిలేశాను చూశారా? దానికోసమే ఈ మూలకు ఇంత నలుపు.” నేను చూశాను. నిజంగానే బాగుంది. “అద్భుతమండీ” అన్నాను. గంటసేపు రికార్డు చేసుకుని, ఏదో సాధించినవాడిలా స్టేషనుకు తిరిగి వచ్చాను.

మా పెద్దాయన ఒకరు టేపు విన్నారు. పది నిమిషాలయ్యాక మిషను ఆపి, “ఏమయ్యా, పాలకొల్లులో వంటింట్లో బెండకాయలు తరుగుతున్న ఆవిడకు ‘ఇదిగో, ఇక్కడ’ అంటే ఎక్కడ?” అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. 28 ‘ఇదిగో’లు, 19 ‘ఇక్కడ’లు, 11 ‘అద్భుతం’లు. అద్భుతాలన్నీ నావే. (నవ్వులు)

ఆ కార్యక్రమం ప్రసారం కాలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ రోజు మీతో మాట్లాడబోయేది దాని గురించే.

ఒక్కమాట ముందే చెప్పాలి. కంటికి కనిపించే కళ గురించి చెవికి చెప్పడం ఎంత విడ్డూరం అని చాలామంది నవ్వుతారు. మన దగ్గర అది విడ్డూరమేమీ కాదు. కథను బట్ట మీద వరసగా బొమ్మలు గీసి చెప్పే చేర్యాల నకాశీ పటాలు మీరు చూసే ఉంటారు. ఇప్పుడు చిన్న ముక్కలుగా చట్రాల్లో బిగించి అమ్ముతున్నారు గానీ, అసలు పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు. మూరల కొద్దీ పొడవుండే ఆ బట్టను ఊరి మధ్య చుట్ట విప్పుకుంటూ పోతే, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు. కథకుడు పుల్లతో చూపిస్తూ ‘ఇదిగో, ఇక్కడ’ అనేవాడు. అక్కడ ఆ మాట చెల్లింది. జనమంతా ఆ పుల్ల కొసనే చూస్తున్నారు కదా! తోలుబొమ్మలాటలోనూ అంతే, తెర మీద నీడ ఆడుతుంటే గొంతు తెర వెనక నుంచి వస్తుంది. మన బొమ్మకు పక్కన ఎప్పుడూ ఒక గొంతు ఉండేది. పటం మ్యూజియానికి చేరాక గొంతు పోయి బొమ్మ మిగిలింది. రేడియోకు వచ్చేసరికి బొమ్మ పోయి గొంతు మిగిలింది. రెండూ సగం సగమే. ఈ రెండో సగంతోనే మనం పని చేయాలి.

ఎలా చేయాలి? నేను తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. వరస ఆశించకండి.

చిత్రకారుణ్ని ‘ఈ బొమ్మ ద్వారా మీరు సమాజానికి ఏం చెప్పదలచుకున్నారు?’ అని అడగవద్దు. నేను అడిగాను, చాలాసార్లు అడిగాను. ఆ ప్రశ్న వినగానే మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు, గొంతు మారిపోతుంది, పత్రికలో అచ్చయిన వ్యాసం ఒకటి నోట్లోంచి బయటికి వస్తుంది. దానికి బదులు ‘ఈ బొమ్మ ఎంత ఉంటుంది?’ అని అడిగి చూడండి. ‘మూడడుగులు’ అంటాడు. ‘దేనంత?’ అని మళ్ళీ అడగండి. ‘మా పూజగది తలుపంత’ అంటాడు. అయిపోయింది! వినేవాడి ఇంట్లో పూజగది తలుపు తెరుచుకుంది.

రంగు సంగతి. ‘ఎరుపు’ అంటే రేడియోలో ఏమీ కాదు. కుంకుమ ఎరుపా, ఇటుక ఎరుపా, పండుమిరప ఎరుపా, దానిమ్మ గింజ ఎరుపా? చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని స్త్రీల నుదుటి బొట్టు ఎరుపు వేరు, చేర్యాల పటం వెనక నిండుగా పరుచుకునే ఎరుపు వేరు. కళాశాలలో చదువుకున్న చిత్రకారులు రంగు గొట్టాల మీద రాసి ఉన్న పేర్లు చెబుతారు, క్రోమ్ ఎల్లో అనీ, ప్రష్యన్ బ్లూ అనీ. ఆ పేర్లు తప్పని కాదు. కానీ చీరల కొట్లో అరగంట నిలబడితే అంతకన్నా మంచి పేర్లు దొరుకుతాయి. నెమలికంఠం, ఉల్లిపొర, కనకాంబరం, చిలకాకుపచ్చ, వంకాయ రంగు, తేనె రంగు. మా ఆవిడ నాకు నేర్పిన వర్ణశాస్త్రం ఇది. ఒక పెద్ద చిత్రకారుణ్ని ‘ఆ ఆకాశం రంగుకు జోడు జాకెట్టు గుడ్డ తెమ్మంటే ఏ రంగు తెస్తారు?’ అని అడిగాను. ఆయన పకపకా నవ్వి, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆకాశం గురించి మాట్లాడారు. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి ఐదు నిమిషాలు ఎక్కువ లేవు.

ఇంకొకటి. పూర్తయిన బొమ్మ కదలకుండా ఒక చోట ఉంటుంది. రేడియో ఒక చోట ఉండలేదు, అది క్షణం తర్వాత క్షణంగా నడిచిపోతుంది. కాబట్టి బొమ్మ గురించి అడిగితే రేడియో ఇబ్బంది పడుతుంది, బొమ్మ చేయడం గురించి అడిగితే హాయిగా నడుస్తుంది. చేయడానికి ముందూ వెనకా ఉన్నాయి, ఆలస్యాలున్నాయి, ఆశ్చర్యాలున్నాయి.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. బట్టను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి ఎండలో ఆరేస్తారు. పాలు ఎందుకంటే రంగు చుట్టూ పాకిపోకుండా ఉండటానికి. ఎండలో పాల బట్ట ఆరుతుంటే వాసన ఎలా ఉంటుందో అడగండి, చెబుతారు. నలుపుకోసం ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లలో ముంచిన వెదురు కలం బట్టకు తగలగానే, అప్పటికే బట్టలో ఉన్న కరక్కాయ సారంతో కలిసి గీత నల్లబడుతుంది. చూశారా, ఇక్కడ ఒక కథ ఉంది. నలుపు కలంలో లేదు, బట్టలోనూ లేదు. రెండూ కలిసినప్పుడు పుడుతుంది. దీన్ని రేడియోలో చెప్పడానికి బొమ్మ కనిపించాల్సిన అవసరమే లేదు. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు అభినందనల వార్తలు చాలా వచ్చాయి. నాకైతే ఆ బెల్లం నీళ్ల గురించి ఆయన్ని ఒక పూట కూర్చోబెట్టి అడగాలనిపించింది.

కొన్ని కళలకు సొంత చప్పుడు ఉంటుంది, అవి మనకు వరాలు. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుంటే ఉలి ఆనినప్పుడు ఒక ధ్వని. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. అప్పుడు ఇంకో ధ్వని. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మల కోసం మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకి, ఉలులతో చిల్లులు కొడతారు. బొమ్మ ఒంటి మీద నగలన్నీ చిల్లులే. దీపం వెనక పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు వస్తుంది, అదే వడ్డాణం, అదే కంటె. ఒక కళాకారుణ్ని ‘ఈ వడ్డాణానికి ఎన్ని చిల్లులు?’ అని అడిగాను. ‘ఎప్పుడూ లెక్కపెట్టలేదండీ’ అని, బొమ్మ ఎత్తి పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆయన లెక్కపెడుతున్నంతసేపూ నేను నోరు మెదపలేదు. ప్రసారంలోనూ ఆ లెక్క మొత్తం ఉంచాను.

మరి కుంచెకు చప్పుడు ఉండదు. కాగితం మీద నీటిరంగు వేస్తుంటే మైకు ఆనించి రికార్డు చేశాను, తర్వాత వింటే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. (నవ్వులు) అలాంటప్పుడు మిగిలేది మౌనం. మౌనమంటే మా తరం వాళ్లకు భయం. అప్పట్లో మా టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు నడిచేది. నాలుగు సెకన్ల మౌనమంటే సరిగ్గా రెండున్నర అడుగుల టేపు. బ్లేడుతో కోసి, అతుకు పెట్టి, ఆ ముక్కను బుట్టలో పడేసేవాళ్లం. సాయంత్రానికి బుట్టలో ఎన్ని గజాల మౌనం పోగయ్యేదో! ఇప్పుడు ఆలోచిస్తే వాటిలో కొన్ని ఆ కార్యక్రమాలన్నింటిలోకీ విలువైన ముక్కలనిపిస్తుంది. ‘మీ అబ్బాయి ఈ పని నేర్చుకున్నాడా?’ అని అడిగాక వచ్చే మౌనాన్ని కోయకూడదు. నేను కోశాను.

కోయడం గురించి మొదలైంది గనక, చెరపడం గురించి కూడా చెప్పేస్తాను. నేను పనిచేసిన కేంద్రం పేరు చెప్పను. టేపులకు కరువుగా ఉండేది, ప్రసారమైన స్పూలును చెరిపి మళ్ళీ వాడేవాళ్లం. ఒక వృద్ధ చిత్రకారుడి మాటల మీద ఎరువుల మోతాదు గురించిన ప్రసంగం రికార్డు చేసింది స్వయానా నేనే. ఆయన తర్వాత ఎక్కువ కాలం లేరు. ఎరువుల మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆయన గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

రాజమండ్రి వెళ్లినవాళ్లు చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల చూసే ఉంటారు. 1897లో పుట్టి 1925లో పోయాడాయన, ముప్పై ఏళ్లయినా నిండలేదు. మన దేశంలో బొంబాయి, కలకత్తా రేడియో కేంద్రాలు మొదలైంది 1927లో. ఆయన ఎలా మాట్లాడేవాడో మనకు తెలియకపోవడానికి కారణం ఉంది, రెండేళ్ల తేడా. ఆ తర్వాతి వాళ్ల విషయంలో మనకు ఆ సాకు లేదు. మాలోనే బుచ్చిబాబు గారి లాంటివారు ఉండేవారు. రేడియోలో ఉద్యోగం, ఇంటికి వెళ్తే రచన, చిత్రలేఖనం. ఆయన సతీమణి శివరాజు సుబ్బలక్ష్మి గారూ రచయిత్రే, చిత్రకారిణే. రంగు తెలిసినవాడు మైకు వెనక ఉండటం అప్పుడు వింత కాదు. ఇప్పుడు ఈ గదిలో మీరు రెండు వర్గాలుగా రెండు పక్కల కూర్చున్నారు, అటు రేడియో, ఇటు కుంచెలు. భోజనాల దగ్గరైనా కలిసి కూర్చోండి.

ఇంగ్లండులో డేవిడ్ సిల్వెస్టర్ అనే విమర్శకుడు ఫ్రాన్సిస్ బేకన్ అనే చిత్రకారుణ్ని 1962లో బీబీసీ రేడియోకోసం కూర్చోబెట్టి మాట్లాడించాడు. అక్కడితో ఆపలేదు. మళ్ళీ మళ్ళీ వెళ్లాడు, ఇరవై ఏళ్లకు పైగా అదే మనిషిని అడుగుతూనే ఉన్నాడు. మనం పద్మశ్రీ వచ్చిన రోజున ఒకసారి వెళ్తాం, పోయిన రోజున ఆ టేపు వెతుక్కుంటాం. స్థానిక రేడియోకు ఉన్న గొప్ప వసతి ఏమిటంటే కళాకారుడి ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉంటుంది. మళ్ళీ వెళ్లడానికి బస్సు చార్జీ కూడా అక్కర్లేదు.

ఇక సంఘాల పెద్దల సంగతి. కార్యదర్శులు, సహకార సంఘాల అధ్యక్షులు, కళాసమితుల నిర్వాహకులు. వీళ్లతో మాట్లాడటం కళాకారులతో మాట్లాడటం కన్నా కష్టం. ఎందుకంటే వీళ్లకు వినతిపత్రం రాయడం అలవాటు. మైకు చూడగానే మాట వినతిపత్రం అయిపోతుంది. ‘ప్రభుత్వం ఆదుకోవాలి, యువత ముందుకు రావాలి, ఈ అవకాశం ఇచ్చిన రేడియో వారికి కృతజ్ఞతలు.’ మూడు నిమిషాల్లో కార్యక్రమం ఖాళీ. వాళ్ల తప్పు కాదు, ఏ అధికారి ముందైనా వాళ్లు మాట్లాడి గెలవాల్సిన భాష అదే.

కానీ వీళ్లను వదలకూడదు. కొండపల్లి బొమ్మలకూ, చేర్యాల పటాలకూ, ఏటికొప్పాక లక్కబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి వస్తువేనని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది కదా. ఆ గుర్తింపు ఒక మనిషిది కాదు, ఊరిది, వృత్తిది. దాన్ని కాపాడేదైనా, నిద్రపుచ్చేదైనా సంఘమే. అందుకని వాళ్లను లెక్కల పుస్తకం తీసుకురమ్మనండి. కర్ర దుంగ పోయినేడాది ఎంత, ఈ ఏడాది ఎంత? రోజుకు ఎన్ని బొమ్మలు? బజారులో ఎంతకు అమ్ముతున్నారు, చేసినవాడి చేతికి ఎంత వస్తుంది? కొండపల్లివాళ్లను అడిగితే తెల్లపొణికి చెట్టు దగ్గరికి వస్తారు. బొమ్మకు ఆ తేలిక కర్రే కావాలి, చుట్టుపక్కల అడవిలో అది తగ్గిపోతోంది. చెట్టు పెరగడానికి ఏళ్లు కావాలి, బేరం మాత్రం ఇవాళే కావాలి. అంకె నోట్లోంచి వచ్చిన తర్వాత వినతిపత్రం తిరిగి రాదు. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు ఆకుల నుంచీ గింజల నుంచీ రంగులు తీసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి మనిషిని ‘మీ కృషి గురించి చెప్పండి’ అని అడిగితే నష్టపోయేది మనమే. ‘ఏ గింజ మిమ్మల్ని ఎక్కువసార్లు ఓడించింది?’ అని అడగాలి.

సిద్దిపేటలో కాపు రాజయ్య గారు ఉండేవారు, 2012లో పోయారు. బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు బొమ్మల్లోకి తెచ్చిన మనిషి. నకాశీ పద్ధతిని దగ్గరగా చూసి తన చేతిలోకి తెచ్చుకున్నారు. పట్నానికి పోకుండా ఊళ్ళోనే ఉండి, అక్కడే కళాసమితి నడిపారు. కళాకారుడూ సంఘం పెద్దా ఒకే మనిషైతే ఎలా ఉంటుందో చూడాలంటే అలాంటివాళ్లను చూడాలి.

మరొక్క ప్రశ్న మరిచిపోకండి. ‘రంగు ఎవరు వేస్తారు?’ మైకు ముందు కూర్చునేది మగవాడు. వాకిట్లో కూర్చుని వందల బొమ్మలకు కళ్లు దిద్దేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. ‘ఆవిడను కూడా పిలవండి’ అంటే ‘ఆమెకు మాట్లాడటం రాదండీ’ అంటారు. పిలవండి. వస్తుంది, వచ్చాక ఆపడం కష్టం. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళా రైతుల సంఘాలది, నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ. మైకూ మిక్సరూ వాళ్ల చేతుల్లోనే. మాట్లాడటం రాదు అనే మాటకు ఆ స్టేషనే జవాబు.

ఆ తరహా స్టేషన్లే ఇప్పుడు మీవీ. 2006లో కేంద్ర ప్రభుత్వం విధానం మార్చి సామాజిక రేడియో నడపడానికి స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి ఇచ్చింది. వంద వాట్ల శక్తి, పది పదిహేను కిలోమీటర్ల దూరం. వార్తలు సొంతంగా చదవకూడదు. చాలామంది ఇది చిన్న వసతి అని నిట్టూరుస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పదవీ విరమణ తర్వాత ఒక సామాజిక రేడియోకు వారానికి రెండు రోజులు వెళ్లి సాయం చేస్తున్నాను. అక్కడ జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను.

ఒక అమ్మాయి, ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. సెలవుల్లో ఇంటికి వచ్చి ఊరి గోడలను గీస్తోంది. గోడల మీద కాదు, గోడలనే. స్టూడియోలో కూర్చోబెట్టాం. తన బొమ్మ గురించి చెబుతూ, “ఇదిగో, ఇక్కడ మన పాత రైసుమిల్లు గోడ ఉంది కదా, గేటుకు ఎడమ పక్క పెచ్చులూడిన చోటు” అంది. నా నలభై ఏళ్ల అలవాటు నన్ను పొడిచింది. ‘రైసుమిల్లు ఎలా ఉంటుందో కాస్త వర్ణించమ్మా’ అని నోరు తెరవబోయాను. ఎదురుగా మైకు చూసుకుంటున్న కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎందుకో అర్థమైంది. ఆ గోడ తెలియనివాడు మా రేడియో పరిధిలోనే లేడు.

మర్నాడు పొద్దున ఒక పెద్దాయన ఫోను చేశాడు. “ఆ పాప పెచ్చులూడిందని అంది చూశారూ, అది ఊడటం కాదండి. మా నాన్న ధాన్యం లారీ వెనక్కి తీస్తూ గుద్దాడు. ఆయనకు మిల్లు ఓనరు పెట్టిన చివాట్లు నాకింకా జ్ఞాపకం. బొమ్మలో లారీ వేసిందేమో కనుక్కుంటారా?”

వేయలేదు. ఆమెకు లారీ సంగతే తెలియదు. ఇద్దరినీ తరువాతి వారం కూర్చోబెట్టి రికార్డు చేశాం. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, లోపల నాతో పని లేకపోయింది. ఆరు నిమిషాలు ఉంటుంది, ఇప్పుడు మీకు వినిపిస్తాను. మొదట వినిపించేది పెద్దాయన దగ్గు, దాన్ని తీసేయలేదు. ఆ తర్వాత అమ్మాయి బొమ్మను ఆయన ముందు పెడుతుంది, ఆయన ఏమీ మాట్లాడడు. టేపు చెడిపోయిందని అనుకోకండి.

బాబూ, ఆ ఫ్యాను కాస్త ఆపుతావా?